అరువు చెత్త

చెత్త కోసం ఇల్లిల్లూ తిరిగి బతిమాలుకున్న శానిటరీ ఇన్‌స్పెక్టర్ని ఈ రాష్ట్రంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. మామూలుగా జనం నన్ను బతిమాలాలి. "ఇన్‌స్పెక్టరు గారూ, మా సందు మొదట్లో కుప్ప తీయించండి బాబూ" అన్న మాట వింటూనే బందరు మున్సిపాలిటీలో నా సర్వీసంతా గడిచింది. ఒక్కసారి మాత్రం వ్యవహారం తిరగబడింది.

ఈ మధ్య మీలాగా కొత్తగా చేరిన పిల్లలు కనబడితే, "మీ రోజుల్లో ఈ-వేస్ట్ ఉండేదా సార్?" అని అడుగుతున్నారు. ఉండేది కాదు. అరువు తెచ్చుకున్నాం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

రెండు వేలు దాటిన తొలి సంవత్సరాలవి. ఊళ్ళో కంప్యూటర్ అంటే ఇంకా చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి చూడాల్సిన వస్తువు. మా కమిషనర్ గారు హైదరాబాద్‌లో ఒక సమావేశానికి వెళ్ళి, వస్తూ వస్తూ ఎలక్ట్రానిక్ వ్యర్థాలు అనే మాటను మోసుకొచ్చారు. బాగా డబ్బున్న దేశం నుంచి ఒక నిపుణుడు వచ్చి మన చిన్న పట్టణాలు చూస్తున్నారట. పాడైన టీవీలు, కంప్యూటర్లు జనం ఎక్కడ పడేస్తున్నారో పరిశీలించి, నచ్చిన ఊరికి వాటిని భద్రంగా ఉంచడానికి ఒక షెడ్డు కట్టిస్తారట. "ఎవరి ఊళ్ళో ఇలాంటి చెత్త ఉంది?" అని అడిగేసరికి మా కమిషనర్ గారు అందరికంటే ముందు చెయ్యెత్తారు. ఆయన్ని తప్పుపట్టను. షెడ్డు అన్న మాట చెవిన పడితే ఏ కమిషనర్ చెయ్యైనా దానంతటదే లేస్తుంది.

తిరిగొచ్చిన మర్నాడు నన్ను పిలిచారు.

"మన ఊళ్ళో ఎంత ఉంటుందయ్యా?"

"ఏదండీ?"

"అదేనయ్యా. పాడైపోయి పారేసిన టీవీలు, రేడియోలు, ఆ సామాను."

"పాడైపోయినవి బోలెడున్నాయండి. పారేసినవైతే నేను చూళ్ళేదు."

నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నారాయన. "వచ్చే గురువారం అతిథి వస్తున్నాడు. యార్డులో కుప్ప కనబడాలి. ఎలా చేస్తావో నాకు తెలియదు" అనేసి ఫైళ్ళలోకి తల దూర్చేశారు.

మా డంపింగ్ యార్డుకి పేరుకి నేను అధికారిని గానీ, అసలు యజమాని మా మేస్త్రి. నాకంటే పెద్దవాడు. ఏ మూల ఏం పడి ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. తెగిపోయిన కరెంటు వైర్లు దొరికితే పోగేసి, మంట పెట్టి, పైన ప్లాస్టిక్కు కాలిపోయాక రాగి ఏరుకోవడం ఆయనకో అలవాటు. ఆ పొగలో నిలబడి దగ్గుతూ బీడీ కూడా కాల్చేవాడు. యార్డంతా కలియదిప్పి ఆయన ఆ రోజు నా ముందు పెట్టింది రెండు టార్చిలైట్లు, ఒక కాలింగ్ బెల్లు, పిల్లలాడుకునే బ్యాటరీ కారు. ఆ కారు మళ్ళీ నడుస్తోంది. దాన్ని మనవడికి పట్టుకుపోయాడు.

దాంతో ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను. మొదటి ఇంట్లోనే నాకు గుణపాఠం అయింది. రిటైరైన హెడ్‌క్లర్కు గారొకాయన హాల్లో టీవీ ఉంది. పైన లేసు గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూల కూజా. రెండేళ్ళుగా బొమ్మ రావడం లేదని వీధంతా తెలుసు.

"మీ పాడైపోయిన టీవీ..." అని నోరు తెరిచానో లేదో ఆయన ముఖం మాడ్చుకున్నారు.

"పాడైపోవడమేంటండీ? పిక్చర్ ట్యూబు పోయిందంతే. సౌండు బ్రహ్మాండంగా వస్తోంది. రోజూ వార్తలు చూస్తున్నాం!"

వినడాన్నే చూడ్డం అంటున్న ఆయనతో నేనేం వాదించను? ఇంకో ఇంట్లో మిక్సీ మోటారు కాలిపోతే జార్లలో చింతపండూ ఎండుమిరపకాయలూ పోసుకున్నారు. మోటారు దిమ్మ తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టారు. అడిగితే, "అన్నీ వాడుకలోనే ఉన్నాయండీ" అన్నారు ఇల్లాలు. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు.

ఆదివారం నాడు మా ఆవిడని వెంటబెట్టుకుని పులిగడ్డ వంతెన దాటి దివిసీమలో మా బావమరిది ఇంటికి కూడా వెళ్ళాను. వాళ్ళింట్లో ముందు పక్కకి జరిపే చెక్క తలుపులున్న పాతకాలం టీవీ ఒకటుండాలి. ఉంది. తలుపులు తెరిస్తే లోపల వెంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, వెలుగుతున్న దీపం. సామాన్లన్నీ తీయించేసి పూజామందిరం చేసుకున్నాడు. స్టేషన్లు మార్చే గుండ్రటి మీటకి తులసి పూసల మాల తగిలించాడు.

"తీసుకెళ్ళండి బావగారూ, కాకపోతే స్వామిని కూడా మీరే పట్టుకెళ్ళాలి" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చి, "చెత్త కావాలని మా తమ్ముడి ఇంటికే వచ్చారా?" అంది. ఆ పూట భోజనం చేసి ఉత్త చేతులతో వచ్చేశాను. ఆ మాట మీద ఇప్పటికీ నాకు దెప్పులున్నాయి.

సోమవారం పొద్దున యార్డులో తల పట్టుకుని కూర్చుంటే దారి చూపించింది మా మేస్త్రే.

"పెళ్ళికి గుండిగలు, గంగాళాలు లేకపోతే ఏం చేస్తామండీ?"

"అరువు తెస్తాం."

"ఇదీ అంతే కదండీ. ఇవ్వమంటే ఇవ్వరు గానీ, ఒక పూటకి అరువంటే ఇవ్వకేం చేస్తారు?"

సరిగ్గా అలాగే జరిగింది. పారేయమంటే మొహాలు మాడ్చుకున్నవాళ్ళే, ఊరికి పెద్ద అతిథి వస్తున్నాడు, ఒక పూట చూపించి సాయంత్రానికి చేరుస్తాం అంటే, "దానికేం భాగ్యం!" అన్నారు. హెడ్‌క్లర్కు గారు టీవీతో పాటు లేసు గుడ్డ కూడా ఇచ్చారు. అయితే పెళ్ళి గుండిగలకి పేర్లు చెక్కి ఉంటాయి, వీటికి ఉండవు కదా. ఎవరిది ఎవరికి పోతుందోనన్న భయంతో ప్రతి ఇంటివాళ్ళూ ఒక గుర్తు పెట్టి ఇచ్చారు. ఒకరు కుంకుమ బొట్లు పెట్టారు. ఒకరు చీర అంచు ముక్క కట్టారు. ఒకరు పసుపు దారం చుట్టారు.

కమిషనర్ గారు కుప్పలో అన్ని వర్గాలకీ ప్రాతినిధ్యం ఉండాలన్నారు. మత్స్యకారుల వాడ నుంచి కూడా ఏదో ఒకటి తెమ్మన్నారు. అలా గిలకలదిండి హార్బరు పక్కన పెద్దమ్మ గుమ్మంలోకి వెళ్ళాను. పెద్దమ్మ అని వాడంతా పిలిచేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. చేపల పాటలో ఆవిడ గొంతెత్తితే వేలం వేసేవాడు కూడా ఒక అడుగు వెనక్కి వేసేవాడు. అప్పుడెప్పుడో ఆ వాడలో మురుగు కాలవకి పలకలు వేయించానని నా మీద కాస్త అభిమానం.

ఆవిడ దగ్గర ఒక ట్రాన్సిస్టర్ ఉంది. పాత చీర ముక్కలో చుట్టి దేవుడి గూట్లో పెట్టింది. అది మోగడం మానేసి చాలా కాలమైంది. ఒకప్పుడు దాంట్లో తుఫాను హెచ్చరిక విని ఆవిడ భర్త పడవ దించలేదు. వినకుండా వెళ్ళినవాళ్ళు కొందరు తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆయన ఎన్నో ఏళ్ళు బతికి, ఇంట్లోనే మంచం మీద కన్నుమూశారు. సముద్రం మీద బతికేవాళ్ళలో అది ఎంత పెద్ద సంగతో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పట్నుంచి ఆ ఇంటి పడవ ఎప్పుడు కదిలినా పెద్దమ్మ ముందు ఆ రేడియో మీద చెయ్యి వేసి దండం పెట్టుకుంటుంది. అప్పుడే కొడుకు తాడు విప్పుతాడు.

అదంతా తెలిసి అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే విషయం రాబట్టింది.

"తెల్లాయన చూడ్డానికి నా రేడియో కావాల్సొచ్చిందా? సర్లే, ఊరికి మంచి పేరొస్తదంటే కాదంటానా. కానీ ఇన్‌స్పెట్రు బాబూ, గురువారం మా వోడి బోటు ఎళ్తంది. ఐసు ఆ పొద్దుటే ఎక్కిస్తారు. సాయంత్రం పోటు ఏళకి రేడియో ఇంట్లో ఉండాల."

"ఉంటుంది పెద్దమ్మా."

"పోటు తప్పితే మొగలో నీళ్ళు సాలవు, సముద్రంలోకి దాటలేం. ఐసు కరిగి నీళ్ళవుద్ది. బోట్లో ఏడుగురు ఏట లేక కూకోవాల."

"నా మాట మీద నమ్మకం ఉంచు."

నీలం వల దారం ఒక ముక్క తెంపి రేడియో చుట్టూ ముడి వేసి నా చేతిలో పెట్టింది. పసిబిడ్డని అందుకున్నట్టు రెండు చేతులతో అందుకున్నాను.

ఇంత చేసినా కుప్ప కమిషనర్ గారి కంటికి ఆనలేదు. "కంప్యూటర్లేవయ్యా? అవి లేకపోతే ఇది చెత్త కిందకే రాదు" అన్నారు. దాంతో గుడివాడ వెళ్ళాల్సొచ్చింది. అక్కడొక కంప్యూటర్ శిక్షణ కేంద్రం విదేశాల నుంచి మద్రాసు హార్బరుకి వచ్చిన పాత సరుకులో మానిటర్లు చవగ్గా కొనుక్కుని, ఏడాది తిరక్కుండానే మూతపడింది. ఆ మానిటర్లు ఒక పాత ఇనప సామాన్ల కొట్టాయన పెరట్లో వరసగా పేర్చి ఉన్నాయి. అరువు మాట ఎత్తగానే ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అరువేంటండీ, మీకు పుణ్యముంటది, పట్టుకెళ్ళిపోండి. మళ్ళీ తేవొద్దు. లోపల రాగీ, బోర్డులూ ఎప్పుడో తీసేశాం. మిగిలిందల్లా ఈ అద్దాల బుడ్డి. దీన్ని కొనేవోడు లేడు. కాలవలో పారేద్దామంటే నందివాడ రైతులు నన్ను చంపేస్తారు. పోయినేడాది ఒకాయన చేలో అరికాలు తెగ్గోసుకున్నాడు."

ఊరూరా తిరిగితే, ఇది నాకొద్దు అని నాకు చెప్పిన మనిషి ఆయనొక్కడే.

గురువారం వచ్చింది. యార్డు గేటుకి మామిడి తోరణం కట్టారు. మా మేస్త్రి ఇంకో అడుగు ముందుకేసి, అతిథులొచ్చే వేళకి బాగుండదని కుప్పలో ఉన్న ప్రతి వస్తువునీ సబ్బు నీళ్ళతో తుడిపించాడు. బొట్లు, దారాలు, చీర అంచులు, లేసు గుడ్డ, పైన ఎండ. చూస్తే ఆయుధపూజ జరుగుతున్నట్టుంది గానీ చెత్తకుప్పలా లేదు.

నిపుణుడు పొడుగాటి మనిషి. చెమటకి ఎర్రబడిపోయిన ముఖం, మంచి నవ్వు. ఆయన కారు దిగీ దిగకముందే మా మేస్త్రి దొరగారు అని పేరు పెట్టేశాడు, నేనూ అదే వాడతాను. ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చారు. దొరగారు కుప్ప చుట్టూ ప్రదక్షిణం చేసి, బొట్లని వేలితో ముట్టుకుని, దారాలు పరీక్షగా చూసి, మేడంతో ఏదో అన్నారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"సార్ చాలా ఆశ్చర్యపోతున్నారు. ఇంత చిన్న ఊళ్ళో వ్యర్థాలని రంగుల వారీగా వేరు చేసే పద్ధతి ఎవరు నేర్పారని అడుగుతున్నారు."

కమిషనర్ గారు నా వైపు చూశారు. నేను మేస్త్రి వైపు చూశాను. మేస్త్రి ఆకాశం వైపు చూశాడు.

"ఆడవాళ్ళండీ" అన్నాను. అంతకంటే నిజం నాకు దొరకలేదు. దొరగారు పుస్తకంలో రాసుకున్నారు.

తర్వాత షామియానా కింద ఆయన మాట్లాడారు. ఆయన్ని నేను ఆటపట్టిస్తున్నానని మీరు తక్కువగా అనుకోకండి. ఆయన చెప్పింది ప్రతి ముక్కా నిజం. మానిటర్ గాజులో సీసం ఉంటుందనీ, పగలగొడితే నేలకీ నీళ్ళకీ చేటనీ చెప్పారు. వైర్లు కాలిస్తే వచ్చే పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ఏం చేస్తుందో బొమ్మ వేసి చూపించారు. వాళ్ళ దేశంలో పాత వస్తువు వదిలించుకోవాలంటే డబ్బు కట్టి అప్పగిస్తారట. డబ్బు తీసుకుని కాదు, కట్టి. ఆ మాట దగ్గర జనంలో పెద్ద గుసగుస బయల్దేరింది. మా మేస్త్రి మాత్రం ఆ పొగ బొమ్మ వైపే చూస్తూ ఉండిపోయాడు. "నా దగ్గు దానివల్లేనాండీ?" అని మెల్లిగా అడిగాడు నన్ను. ఆయన ఆ తర్వాత ఎప్పుడూ యార్డులో వైర్లు కాల్చలేదు, కాల్చనివ్వలేదు. ఆ పర్యటన వల్ల మా ఊరికి జరిగిన మేలు అడిగితే నేను ముందు అదే చెబుతాను.

ప్రసంగం చివర్లో దొరగారు ఒక సంతోష వార్త ఉందన్నారు. మేడం గేటు వైపు చెయ్యి చూపించారు. ఒక పెద్ద లారీ రివర్సులో లోపలికి వస్తోంది.

"ఈ వ్యర్థాలని సురక్షితంగా విడగొట్టే సంస్థ లారీ అది. మీ శ్రమకి బహుమానంగా సార్ సొంత పూచీ మీద రప్పించారు. భోజనాలయ్యాక మొత్తం ఎక్కించేస్తారు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. చేతులు కొడుతున్నాయి గానీ కళ్ళు కుప్ప మీదే ఉన్నాయి. పైన ఎక్కడో నీలం దారం ముడితో పెద్దమ్మ రేడియో కనబడుతోంది. గిలకలదిండిలో ఆ వేళకి ఐసు బోటులోకి ఎక్కేసి ఉంటుంది.

కమిషనర్ గార్ని పక్కకి లాగి విషయం చెప్పాను. ఆయన పులిహోర తింటున్నారు.

"పోతే పోనివ్వవయ్యా. పలకని రేడియో. కొత్తది నేను కొనిపెడతాను."

"కొత్తది పెడితే బోటు కదలదండీ. ఆ రేడియో మీద చెయ్యి వేస్తేనే ఆవిడ పంపుతుంది. ఏడుగురి వేట ఆగిపోతుంది."

"అరువు తెచ్చామని ఆయనకెలా చెబుతావు? షెడ్డు పోతుంది, పరువూ పోతుంది" అంటూ కుప్ప వైపు తిరిగారు. తిరిగి, నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని ఆగిపోయారు. కుప్ప మధ్యలో ఒక టేప్ రికార్డర్, దాని చేతిపిడికి మామిడిపండు రంగు పట్టుచీర అంచు.

"అది... మా ఆవిడది కదయ్యా! ఎవరు తెచ్చారు?"

"అమ్మగారే ఇచ్చారండి. ఊళ్ళో అందరూ ఇస్తుంటే మనం ఇవ్వకపోతే బాగుండదని పంపారు."

"వాళ్ళ నాన్నగారు కొనిచ్చింది అది! ఆయన పాడిన కేసెట్టు దాంట్లోనే ఇరుక్కుని ఉంది!" పులిహోర విస్తరి నా చేతిలో పెట్టేశారు. "ఏదో ఒకటి చెయ్యి. లారీ ఆపు."

ఆపింది నేను కాదు, మేస్త్రి. ఆయన తాపీగా లారీ డ్రైవర్ దగ్గరికి వెళ్ళి, "ఇవాళ గురువారం కదా, రాహుకాలం ఎప్పుడొస్తదో?" అన్నాడు, ఏదో మాటవరసకి అడిగినట్టు. డ్రైవర్ వాచీ చూసుకుని సీట్లో వెనక్కి వాలిపోయాడు. "మూడింటి దాకా ఒక్క సామాను కూడా నా బండెక్కనివ్వను. తిరుగు ప్రయాణం వంద మైళ్ళకి పైగా" అని తెగేసి చెప్పాడు. మేడం సిగ్గుపడుతూ దొరగారికి వివరించారు. ఆయన ఎంతో మర్యాదగా తల ఊపి, స్థానిక ఆచారాన్ని గౌరవించాలన్నారు. రాహుకాలానికి నేను దండం పెట్టుకున్నది జీవితంలో ఆ ఒక్కరోజే.

మేస్త్రి సైకిలెక్కి ఊళ్ళోకి వెళ్ళాడు. ఈలోగా దొరగారు ఊరికే కూర్చోలేక మానిటర్లు పరిశీలిస్తున్నారు. ఒకదాని వెనక్కి తిప్పి, జేబురుమాలు తీసి తుడిచి, వంగి చదివారు. ఇంకోటి తిప్పారు. మూడోదీ. ఆయన నవ్వు ముఖం మీదే నిలబడిపోయింది. ప్రతిదాని వెనకా ఒక తెల్ల స్టిక్కరుంది. మేడం అడిగితే చెప్పారు. అది వాళ్ళ దేశంలోని ఒక బడి పేరట. ఆ ఊరు ఆయనకి బాగా తెలుసట, వాళ్ళ అత్తగారిది అదే ఊరట. డబ్బు కట్టి మరీ సురక్షితంగా అప్పగించామని ఆ బడివాళ్ళు అనుకుంటూ ఉంటారన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. నాకు జాలేసింది. కొబ్బరిబోండాం కొట్టించి ఇచ్చాను.

మూడు కాకుండానే జనం వచ్చేశారు. లారీ వచ్చిందన్న కబురు విని హెడ్‌క్లర్కు గారు రిక్షా కట్టించుకుని వచ్చారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. పెళ్ళయ్యాక గుండిగలు ఏరుకున్నట్టు ఎవరి గుర్తు చూసుకుని వాళ్ళు తీసుకుంటున్నారు. "అదిగో మా పసుపుతాడు." "కుంకుమ బొట్టు రెండుంటే మాది, మూడుంటే వదినగారిది." కమిషనర్ గారి టేప్ రికార్డర్ ఆయన కారు డిక్కీలోకి ఎప్పుడు వెళ్ళిందో నేను కూడా చూడలేదు.

గిలకలదిండి ఆడవాళ్ళు ఆటోలో దిగారు. పెద్దమ్మ నడుముకి కొంగు బిగించి నేరుగా కుప్ప దగ్గరికి నడిచి, నీలం ముడి చూసుకుని, రేడియో తీసి కొంగుతో తుడిచింది. నా వైపు ఒక చూపు చూసింది. "పోటుకి ఇంకా టైముందిలే బాబూ" అంది. తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

దొరగారు మేడంని తోడు తీసుకుని ఆవిడ దగ్గరికి వచ్చారు.

"ఇది పని చేస్తుందా అని అడుగుతున్నారండీ."

"చెయ్యదమ్మా."

"మరి ఎందుకు తీసుకెళ్తున్నారని..."

"చెప్పాల్సింది ఒకసారి చెప్పేసింది కదమ్మా. రోజూ చెప్పాలా?"

మేడం ఆ మాటని ఎలా మార్చి చెప్పారో తెలియదు. అప్పటికే జనం మాటలు విని సంగతి గ్రహించిన మేడం, ఇక దాచి లాభం లేదని కాబోలు, ఇదంతా ఒక పూటకి అరువు తెచ్చిన సామానని మెల్లిగా చెప్పేశారు. నేను కమిషనర్ గారి వైపు చూడలేదు. ఆయన కూడా నా వైపు చూడలేదు. దొరగారు పెద్దగా నవ్వారు. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వి, పుస్తకం తీసి, రంగుల వారీ పద్ధతి గురించి రాసింది కొట్టేయబోయి, మళ్ళీ ఉంచేశారు.

కుప్ప కరిగిపోయింది. జనం ఎవరి సామాను వాళ్ళు తీసుకుని పక్కకి తప్పుకున్నాక, యార్డు మధ్యలో వరసగా గుడివాడ మానిటర్లు మాత్రం మిగిలాయి. వాటికి బొట్టు లేదు, దారం లేదు. లారీ డ్రైవర్ దిగి వచ్చి ఒకదాని లోపలికి తొంగి చూసి, బోర్డులూ రాగీ లేకపోతే వాళ్ళ సంస్థ తీసుకోదనీ, వట్టి గాజు దించుకోనివ్వరనీ చెప్పి, ఖాళీ బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

స్టిక్కర్ల సంగతి అప్పటికే జనంలో పాకిపోయింది. పెద్దమ్మ ఆటో ఎక్కబోతూ ఆగింది. మానిటర్ల పక్కన ఒంటరిగా నిలబడ్డ దొరగార్ని చూసి ఆవిడకి నిజంగానే మనసు చివుక్కుమంది. చేపల పాటలో మారుమోగే ఆ గొంతు ఎంతో మెత్తగా పలికింది.

"ఎవుళ్ళవి వాళ్ళు పట్టుకెళ్తన్నారు బాబూ. అత్తోరి ఊరి సామానంట కదా అది. మొగమాట పడమాకండి. మీవి మీరు పట్టుకెళ్ళండి."

మేడం అనువదించలేదు. దొరగారు అడిగారు. ఆవిడ చెప్పక తప్పలేదు. ఆయన రెండు చేతులూ జోడించి, మనలాగే, పెద్దమ్మకి నమస్కారం పెట్టారు. "నేను వెళ్ళి ఏర్పాటు చేస్తాను. ఇవి వెనక్కి వెళ్ళేలా చూస్తాను" అన్నారట. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

నేను స్కూటరు మీద ఆటో వెనకాలే గిలకలదిండి దాకా వెళ్ళాను. వెళ్ళక్కర్లేదు గానీ, ఆ బోటు కదిలేదాకా నాకు అన్నం సహించదనిపించింది. నీళ్ళు నిండుగా ఉన్నాయి. పెద్దమ్మ రేడియోని గట్టు మీదికే తెచ్చి, దాని మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. కొడుకు తాడు విప్పాడు. బోటు మొగ వైపు మళ్ళాక ఆవిడ నన్ను చూసి, "ఇంకెప్పుడన్నా కావాలంటే అడుగు బాబూ. పోటు లేని రోజు చూసుకుని అడుగు" అంది.

షెడ్డు మంజూరైంది. ఎందుకైందో నాకు తెలియదు. దొరగారి నవ్వే ఇప్పించిందనుకుంటాను. రేకుల షెడ్డు, సిమెంటు నేల, గాలి వెలుతురు. అందులో చాలా ఏళ్ళపాటు కాపురమున్నవి ఆ మానిటర్లే. ఇప్పుడు మీకు ఆ బాధ లేదు. అరువడగక్కర్లేదు, జనమే తెచ్చి పడేస్తున్నారు. ఏడాదికో ఫోను, రెండేళ్ళకో టీవీ, ఒక్కదానికీ బొట్టూ లేదు, దారమూ లేదు, సాయంత్రానికి వచ్చి నాది ఏదని వెతుక్కునే మనిషీ లేడు. మనం కూడా డబ్బున్న దేశమైపోతున్నామేమో తెలియదు.

పదవీ విరమణ రోజున, నా స్థానంలోకి వచ్చిన అమ్మాయికి యార్డంతా తిప్పి చూపించాను. షెడ్డు తలుపు తీస్తే మూల వరసలో అవి కనబడ్డాయి. తెల్ల స్టిక్కర్లు పసుపురంగుకి తిరిగాయి. మా మేస్త్రి బతికున్నన్నాళ్ళూ నెలకోసారి వాటికి దుమ్ము దులిపేవాడు.

"ఇవెవరివి సార్?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఒక అల్లుడుగారివమ్మా. వస్తానని చెప్పి వెళ్ళారు. వచ్చేదాకా పగలకుండా చూసుకో" అన్నాను.